ఖాజాగూడ గుట్టల మీద ఉన్నవన్నీ ఒకే తొండలా? హైదరాబాద్ చుట్టుపక్కల తొండలు, బల్లులు, నలికండ్ల పాములను వెతికి గుర్తుపట్టడం

మీరు అడిగింది ముందు ఒకచోట పెడతాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. ఖాజాగూడ గుట్టల మీద తల, ముందు వీపు ఎర్రగా, పక్కలు నల్లగా ఉన్న తొండ ఒకటి. గచ్చిబౌలిలో మీ అపార్ట్‌మెంట్ పూలకుండీల మధ్య నున్నగా మెరుస్తూ పారిపోయిన గోధుమరంగు జీవి ఇంకొకటి. దాన్ని చూసి వాచ్‌మన్ "గది విషప్పురుగు, దగ్గరికి పోకుండ్రి" అన్నాడు. మూడోది రాత్రి వేపచెట్టు బోదె మీద కనిపించిన పెద్ద బల్లి. మూడింటికీ ఐనాచురలిస్ట్, అంటే ఫొటో చూసి జీవి పేరు సూచించే యాప్, అడిగిన ప్రతిసారీ ఒక కొత్త పేరు చెబుతోంది. ఇవేమిటి, ఇలాంటివి పద్ధతిగా వెతికి గుర్తుపట్టాలంటే ఏం చెయ్యాలి అన్నది ప్రశ్న.

మొదటిది రాతి తొండ, సామోఫిలస్ జీనస్ (దగ్గరి జాతులని కలిపి చెప్పే గుంపు పేరు), జత కట్టే కాలంలో ఉన్న మగది. రెండోది నలికండ్ల పాము. పేరులో పాము ఉన్నా అది పాము కాదు, బల్లిలా కాళ్ళున్న జీవి, విషమూ లేదు. మూడోది చాలావరకు చెట్టు బెరడు మీద ఉండే హెమిడాక్టిలస్ లెషెనాల్టై. తోక సగం ఫొటో బయట ఉండిపోయింది, వేళ్ళు కనిపించడం లేదు, అందుకే "చాలావరకు" అంటున్నాను.

యాప్ తడబడటంలో తప్పు యాప్‌ది కాదు. మీ ఫొటోల్లో రంగు తప్ప ఇంకేమీ లేదు. ఈ జీవుల్లో నమ్మకూడనిది రంగే. మామూలు తోట తొండ పొద్దున చలికి మసిరంగులో ఉంటుంది, ఎండ కాగాక లేత పసుపుకి తిరుగుతుంది, ఇంకో మగది ఎదురుపడితే క్షణాల్లో తల ఎర్రబడుతుంది, రాత్రి నిద్రలో పాలిపోతుంది. కుబుసం విడిచే ముందు బల్లులు, నలికండ్ల పాములు మసకబారి వేరే జాతిలా కనిపిస్తాయి. అందుకని చూడాల్సిన వరస ఇది: ఎక్కడ కూర్చుంది, పొలుసులు ఎలా ఉన్నాయి, వేళ్ళు ఎన్ని, ఎలాంటివి, కనురెప్ప కదులుతోందా. ఇవన్నీ అయ్యాకే రంగు.

తొండలతో మొదలుపెడదాం, ఎందుకంటే గందరగోళమంతా అక్కడే. నగరం చుట్టుపక్కల మీకు ఎదురయ్యే తొండలు ముఖ్యంగా మూడు గుంపులవి.

తోటల్లో, కంచెల మీద, కరెంటు స్తంభాల మీద ఉండేది కలోటిస్ వెర్సికలర్. మెడ నుంచి వీపు మీదుగా రంపపు పళ్ళ వరస నిలబడి ఉంటుంది, మగవాటిలో బాగా పొడవుగా. చెవి గుంటకి కొంచెం పైన రెండు చిన్న ముళ్ళు విడివిడిగా ఉంటాయి. తల పక్క నుంచి తీసిన మంచి ఫొటోలో ఇవి స్పష్టంగా తెలుస్తాయి. ఒంటి పక్క పొలుసులు పెద్దవి, వాటి మొనలు వెనక్కీ పైకీ తిరిగి ఉంటాయి. తోక శరీరానికి రెండింతలకి మించి పొడవు. మగదానికి తల, భుజాలు ఎర్రబడి, గొంతుకి రెండు పక్కలా నల్లమచ్చ వచ్చినప్పుడు జనం అది రక్తం పీలుస్తోందంటారు. అది తినేవి చీమలు, మిడతలు, పురుగులు. పచ్చదనం ఉన్న తొండ కనిపించగానే యాప్ "కలోటిస్ కలోటిస్" అనే వేరే జాతి పేరు సూచిస్తుంది. అది బాగా దక్షిణాన తడి అడవుల్లో ఉండేది, హైదరాబాద్ ఫొటోకి ఆ పేరు ఒప్పుకోకండి.

గ్రానైట్ బండల మీద ఉండేది రాతి తొండ. తల, ఒళ్ళు రెండూ నేలకి నొక్కినట్టు చదునుగా ఉంటాయి, బండ చీలికల్లో దూరడానికి ఆ ఆకారం. వీపు మీద రంపం లేదు, మెడ మీద చిన్న గట్టు మాత్రం ఉంటుంది. ఒంటి పక్క పొలుసులు చాలా సన్నవి. అందుకే రెండు గజాల దూరం నుంచి చర్మం నున్నగా కనిపిస్తుంది, అదే దూరంలో కలోటిస్ గరుకుగా కనిపిస్తుంది. ఆడవి, పిల్లలు బూడిద, గోధుమ రంగుల్లో మచ్చలతో బండలో కలిసిపోతాయి. జనం మగదాన్ని ఫొటో తీసి, దాని పక్కనే ఉన్న ఆడదాన్ని "ఇంకో జాతి" అని రాసుకోవడం మామూలే. జాతి స్థాయిలో రెండు పేర్లు వస్తాయి: సామోఫిలస్ బ్లాన్‌ఫోర్డానస్, సామోఫిలస్ డోర్సాలిస్. మొదటిదానికి వీపు పొలుసులు కాస్త పెద్దవి, ఒక్కో పొలుసు మీద గట్టు ఉంటుంది, నడుము చుట్టూ లెక్కపెడితే దాదాపు 80 నుంచి 100 వరకు వస్తాయి. రెండోదానికి పొలుసులు ఇంకా సన్నవి, 115 దాటుతాయి. ఫొటోలో నడుము చుట్టూ లెక్కపెట్టలేరు కదా. వీపు నడిమి పొలుసుని, పక్క పొలుసుని పోల్చి చూడండి. వీపు పొలుసు స్పష్టంగా పెద్దగా, గట్టుతో ఉంటే బ్లాన్‌ఫోర్డానస్ వైపు మొగ్గాలి. డోర్సాలిస్ ఎక్కువగా మనకి దక్షిణాన, కర్ణాటక, రాయలసీమ వైపు ఉండేది. యాప్‌లో డోర్సాలిస్ ఫొటోలు ఎక్కువ కాబట్టి అది ముందు ఆ పేరే చెబుతుంది. పొలుసులు కనిపించని ఫొటో అయితే సామోఫిలస్ అని జీనస్ దగ్గర ఆపేయడం మేలు.

మూడోది నేల మీది చిన్న తొండ, సితానా. చెట్టు తక్కువ, గడ్డి పొట్టిగా, మధ్యమధ్య రాళ్ళున్న బీడు నేల దీనికి కావాలి. మూతి నుంచి తోక మొదలు దాకా 4 నుంచి 6 సెం.మీ. ఉంటుంది. వీపు మధ్యన ముదురు రంగు డైమండ్ గుర్తులు వరసగా ఉంటాయి. మగదానికి గొంతు కింద విసనకర్రలా విచ్చుకునే చర్మం ఉంటుంది. భయపడితే వెనక కాళ్ళ మీద లేచి పరిగెత్తుతుంది. ఇవేవీ కనిపించకపోయినా ఒక్క ఫొటోతో తేలిపోతుంది: వెనక పాదానికి 4 వేళ్ళే ఉంటాయి. కలోటిస్‌కీ రాతి తొండకీ 5. ఆడ సితానాని కలోటిస్ పిల్ల అనుకోవడం చాలా మామూలు, వేళ్ళు లెక్కపెడితే ఆ అనుమానం ఉండదు. 2016లో ఈ గుంపుని మళ్ళీ పరిశీలించి సరాడా అనే కొత్త జీనస్ వేరు చేశారు, సితానాలోనూ జాతులు పెరిగాయి. పాత పుస్తకాల్లో దేశమంతటికీ సితానా పాంటిసెరియానా అని ఒకటే పేరు కనిపిస్తుంది. ఇప్పుడు ఆ పేరు హైదరాబాద్ జీవికి అలవాటుగా పెట్టేయకూడదు. మగదాని విసనకర్ర పూర్తిగా విచ్చుకున్న ఫొటో లేకపోతే సితానా అని రాసి వదిలేయండి. విసనకర్ర ఒక్క సెకను కూడా నిలవదు, స్టిల్ ఫొటోకి దొరకదు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి అందులోంచి ఫ్రేమ్ పట్టండి. దానిలో విసనకర్ర పొట్ట మీద ఎంతదాకా వెళ్తోంది, రంగు ఎక్కడ ఉంది అన్నది కనిపించాలి.

ఊసరవెల్లి అని పంపే ఫొటోల్లో ఎక్కువ భాగం రంగు మార్చిన కలోటిస్‌వే. అసలు ఊసరవెల్లి, కమీలియో జెలానికస్, ఒక్కసారి చూస్తే మళ్ళీ పొరపాటు పడరు. వేళ్ళు రెండు గుత్తులుగా అతుక్కుని కొమ్మని పట్టుకునేలా ఉంటాయి, కళ్ళు రెండూ వేర్వేరు దిక్కులకి తిరుగుతాయి, తోక చుట్ట చుట్టుకుంటుంది, ఊగుతూ నడుస్తుంది. పగలు ఆకుల్లో దాన్ని వెతకడం దండగ. వానాకాలం చివర, ఆ తర్వాత నెల రెండు నెలలు రాత్రి టార్చ్ వేస్తే కొమ్మ చివర నిద్రపోతూ తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. మీ ఊరి తుమ్మ కంచెల్లో, సీతాఫలం తోటల్లో ఇలా చూడొచ్చు.

ఇక బల్లులు. ఇళ్ళల్లో, గోడల మీద, చెట్ల మీద, బండల కింద ఉండేవన్నీ మనకి దాదాపు హెమిడాక్టిలస్ జీనస్‌వే, అందుకే ఒకదానికొకటి దగ్గరగా కనిపిస్తాయి. ఇక్కడ చూడాల్సినవి నాలుగు: వీపు మీద గుబ్బలున్నాయా, ఎంత పెద్దవి. తోక మీద ముళ్ళు ఎలా అమర్చి ఉన్నాయి. కాలి వేలు కింద పట్టీలు ఎన్ని. మగదైతే తొడల కింద సన్న రంధ్రాల వరస మధ్యలో తెగిందా, ఏకధాటిగా ఉందా.

ఈ కింది వైపు వివరాలు బల్లిని పట్టుకోకుండా ఎలా చూడాలి? కిటికీ అద్దం. లైటు వెలుగుకి పురుగుల కోసం బయటివైపు అద్దం మీద బల్లి వాలుతుంది, మీరు లోపలి నుంచి పొట్ట, పాదాలు, తొడలు అన్నీ ఫొటో తీసుకోవచ్చు. ఫ్లాష్ ఆపేయండి, లేదంటే అద్దంలో తెల్ల మచ్చ తప్ప ఏమీ రాదు. గదిలో లైటు ఆర్పి, ఫోన్ అద్దానికి ఆనించి, పక్కనుంచి చిన్న టార్చ్ ఏటవాలుగా వేస్తే వేలి పట్టీలు విడివిడిగా లెక్కకి వస్తాయి. వెనక కాలి నాలుగో వేలు, అంటే అన్నిటికన్నా పొడవైనది, దాని కింద లెక్కపెట్టండి.

ఇళ్ళల్లో చక్ చక్ చక్‌మని గట్టిగా అరిచేది హెమిడాక్టిలస్ ఫ్రెనేటస్. పంచాంగంలో బల్లి పలుకు ఫలితాలు చూసుకునేవాళ్ళు వింటున్నది చాలావరకు దీని గొంతే. వీపు నున్నగా ఉండి అక్కడక్కడా చిన్న గుబ్బలు మాత్రమే ఉంటాయి. తోక మీద మాత్రం ముళ్ళ గుబ్బలు వరసలుగా చుట్టూ తిరిగి ఉంటాయి. నాలుగో వేలికి పట్టీలు 9, 10 దగ్గర. మగదాని తొడ రంధ్రాలు ఒక తొడ నుంచి ఇంకో తొడకి తెగకుండా సాగుతాయి. ఒక జాగ్రత్త: తెగి మళ్ళీ మొలిచిన తోకకి ముళ్ళు ఉండవు, నున్నగా, లావుగా, ఒకే రంగుగా వస్తుంది. అలాంటి తోక చూసి "ముళ్ళు లేవు, కాబట్టి ఫ్రెనేటస్ కాదు" అనేయడం బల్లుల గుర్తింపులో తరచూ జరిగే తప్పు. ఫొటోలో తోక మొదట్లో ఒక ఉంగరంలాంటి గీత ఉండి అక్కణ్ణుంచి రంగు మారితే, ఆ గీత తర్వాతి భాగాన్ని లెక్కలోకి తీసుకోకండి.

వీపు నిండా గరుకు గుబ్బలు వరసలుగా ఉండి, గోధుమరంగు మీద నల్లటి చుక్కలున్న చిన్న బల్లి గోడల మీద, రాళ్ళ కింద కనిపిస్తే అది బ్రూకియై గుంపుది. దీన్లో మగదాని తొడ రంధ్రాల వరస మధ్యలో తెగి ఉంటుంది. ఒకప్పుడు బ్రూకియై అన్న ఒక్క పేరు కింద ఉన్నవి ఇప్పుడు చాలా జాతులయ్యాయి, ఫొటో మాత్రమే చేతిలో ఉన్నప్పుడు గుంపు పేరు దగ్గర ఆగడం నిజాయితీ. పెద్ద వేప, చింత, మర్రి బోదెల మీద రాత్రి తల కిందికి పెట్టి అతుక్కుని ఉండేది లెషెనాల్టై. శరీరం 8 సెం.మీ. దాకా పెరుగుతుంది, తోక కలిపితే దానికి రెండింతలు. బూడిదరంగు మీద అలలలాంటి ముదురు చారలు బెరడులో కలిసిపోతాయి, వీపు దాదాపు నున్నన. మీ ఫొటోలో ఈ చారలే కనిపిస్తున్నాయి. పుట్టల్లో, చిన్న రాళ్ళ కింద ఉండేది ట్రియెడ్రస్: మూడు పలకల పెద్ద గుబ్బలు, ముదురు పట్టీలు, వాటి అంచున తెల్లటి చుక్కలు. గుర్తుపట్టడానికి కష్టపడక్కర్లేదు.

పెద్ద బండల గుహల్లాంటి చోట్ల, కింద మనిషి నిలబడగలిగినంత నీడ ఉన్న బండ కప్పు మీద కనిపించే అతి పెద్ద బల్లి హెమిడాక్టిలస్ జైగాంటియస్ కావచ్చు. శరీరమే 10 సెం.మీ. పైన ఉంటుంది. దీన్ని 1871లో స్టోలిజ్కా భద్రాచలం దగ్గరి గోదావరి లోయ నుంచి వర్ణించాడు. ఇక మన నగరానికే చెందిన బల్లి ఒకటుంది: హెమిడాక్టిలస్ ట్రూట్లరై. 2009లో గోల్కొండ కోట నుంచి కొత్త జాతిగా వర్ణించారు. ఇన్ని వందల ఏళ్ళు జనం తిరిగిన కోటలో ఉన్న జీవికి ఈ శతాబ్దంలో పేరు పెట్టారంటే, "హైదరాబాద్‌లో కొత్తగా ఏముంటుందిలే" అనడానికి వీల్లేదు. గోల్కొండ దగ్గర గుబ్బల వీపుతో కాస్త పెద్ద బల్లి కనిపిస్తే బ్రూకియై అని రాసేసి వెళ్ళిపోకుండా వీపు, తోక, పాదాలు విడివిడిగా తీయండి. కోట రాత్రి తెరిచి ఉండదు. పగలు చీకటి గదుల గోడ పగుళ్ళలోకి టార్చ్ వేస్తే చాలు. గోడని గీకడం, రాయి కదిలించడం చేయకూడదు, అది పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న కట్టడం.

నలికండ్ల పాముల్లో రెండు రకాలని విడదీయగలిగితే మీ అపార్ట్‌మెంట్ జీవి తేలుతుంది. కాళ్ళు బలంగా, ఒళ్ళు బొద్దుగా ఉంటే యూట్రోపిస్. కాళ్ళు మరీ చిన్నవై, ఒళ్ళు సన్నగా సాగి, ముందు కాలు వెనక్కీ వెనక కాలు ముందుకీ చాపినా కలవకపోతే రియోపా. యూట్రోపిస్ పొలుసుల మీద నిలువు గట్లుంటాయి, రియోపా పొలుసులు పూర్తిగా నున్నన. యూట్రోపిస్‌లో పెద్దది కారినాటా, ఒక్క పొలుసు మీద సాధారణంగా 3 గట్లు. చిన్నది మాక్యులేరియా, 5 నుంచి పైకి. మగదానికి సీజన్‌లో పెదవులు, గొంతు పక్కలు ఎర్రబడతాయి. ఎదురు వెలుగులో గట్లు కనిపించవు. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండలోనే తెలుస్తాయి. మీ ఫొటోలో కాళ్ళు బాగానే ఉన్నాయి, పక్కన లేత చార ఉంది, తోటలో నేల మీద పగలు తిరుగుతోంది. యూట్రోపిస్ అనడానికి అది చాలు, కారినాటా అనడానికి గట్లు కావాలి. రియోపా పంక్టాటా పిల్లలకి తోక ఎర్రగా మెరుస్తుంది. ఆ ఎరుపు చూసే జనం విషమంటారు, కొట్టి చంపేస్తారు. వాచ్‌మన్‌కి మీరు చెప్పవలసింది ఒక్కటే: హైదరాబాద్‌లో గోడ మీద, నేల మీద, చెట్టు మీద తిరిగే తొండ, బల్లి, నలికండ్ల పాము, ఉడుము ఏ ఒక్కదానికీ మనిషికి హాని చేసే విషం లేదు. చిన్న నలికండ్ల పాముకీ గుడ్డిపాముకీ తేడా చూపించాలంటే కనురెప్ప, చెవి రంధ్రం చూపండి. పాముకి రెండూ ఉండవు.

అదే కనురెప్ప మాట ఇంకొక చోట తిరగబడుతుంది. కంకర నేలల్లో, పొట్టి గడ్డిలో సన్నగా, చారలతో, మెరుపులా పరిగెత్తే ఆఫిసాప్స్ అనే బల్లి రకానికి కదిలే కనురెప్ప ఉండదు, కన్ను పాము కన్నులా పారదర్శక పొరతో మూసి ఉంటుంది. తల మీద నలికండ్ల పాముకున్నట్టే పెద్ద పలకలు, కాళ్ళు మాత్రం పొడవు, వీపు పొలుసులు గరుకు, తోక ఒంటికి రెండింతలు. యాప్ దీన్ని తరచూ యూట్రోపిస్ పిల్ల అంటుంది.

ఉడుము విషయంలో గుర్తింపు కష్టమేమీ లేదు, మన చుట్టుపక్కల ఉండేది వారానస్ బెంగాలెన్సిస్ ఒక్కటే. దాని పిల్లలకి ముదురు ఒంటి మీద పసుపు చుక్కలుంటాయి, వాటిని వేరే జంతువనుకుని చంపేవాళ్ళున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. మాంసానికీ, నూనెకీ వేటాడతారు. అందుకని ఉడుము ఫొటో పెట్టేటప్పుడు చోటు దాచే సెట్టింగ్ ఆన్ చేసి, గుట్ట పేరు కూడా రాయకుండా పెట్టండి.

వెతకడం దగ్గరికొద్దాం. ఎప్పుడు వెళ్ళాలన్నదే సగం పని. ఎండాకాలంలో రాతి తొండ, కలోటిస్ పొద్దున 7 నుంచి 9:30 దాకా బయట ఎండ కాచుకుంటాయి, ఆ తర్వాత బండ కాలిపోతుంది, చీలికలోకి పోతాయి. మళ్ళీ సాయంత్రం 4:30 తర్వాత. చలికాలంలో 9 లోపు వెళ్ళి ప్రయోజనం లేదు, 10 నుంచి 1 మంచి సమయం. వానాకాలంలో గంటల లెక్క పనిచేయదు. రెండు రోజుల ముసురు తర్వాత ఎండ వచ్చిన మొదటి గంటలో ఉన్నవన్నీ ఒకేసారి బయటికొస్తాయి. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మగ సితానాలు చిన్న రాళ్ళెక్కి విసనకర్ర చూపిస్తాయి. మగ రాతి తొండల రంగు కూడా వానల ముందు, వానల్లోనే. డిసెంబర్‌లో వెళ్ళి "ఎర్ర తొండలు లేవు" అంటే అవి లేక కాదు, రంగు లేక.

గుట్టల మీద నేరుగా నడుచుకుంటూ వెళ్తే మీకు కనిపించేవి తోకలే. 15, 20 మీటర్ల దూరంలో ఆగి బండ పై అంచులని బైనాక్యులర్‌తో వరసగా చూడండి. 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది) సరిపోతుంది, 2 మీటర్ల దగ్గరికి ఫోకస్ అయ్యేదైతే చిన్నవాటికీ పనికొస్తుంది. ఆకాశానికి ఎదురుగా తల ఎత్తి దించే కదలిక ముందు కంటికి తగులుతుంది. ఇంకో గుర్తు రెట్టలు. నల్లటి చిన్న కడ్డీ చివర తెల్లటి బొట్టు ఉంటుంది. అవి ఒకే బండ కొస మీద గుంపుగా పడి ఉన్నాయంటే అది రోజూ ఎవరో కూర్చునే చోటు. దగ్గరికి వెళ్ళేటప్పుడు నేరుగా కాకుండా పక్కకి ఏటవాలుగా, ఒంగి, ఆగి ఆగి నడవండి. మీ నీడ దాని మీద పడితే ఇక ఫొటో లేదు. పారిపోతే వెంటపడొద్దు, అక్కడే కూర్చుని 5, 10 నిమిషాలు కదలకుండా ఉంటే చాలాసార్లు అదే రాయెక్కుతుంది. కలోటిస్ చెట్టు బోదెకి అవతలి వైపు జారుకుంటుంది. ఇద్దరుంటే ఒకరు అవతలికి మెల్లగా వెళ్తే ఇవతలికొస్తుంది. నలికండ్ల పాముకి కన్ను కాదు, చెవి కావాలి. ఎండుటాకుల్లో ఆగి ఆగి వచ్చే చిన్న గలగల వినిపించిన చోట నిలబడిపోండి.

బండ చీలికల్లో రెండేసి తెల్లటి గట్టి గుడ్లు అతుక్కుని కనిపిస్తే అవి బల్లివి. ఒలిచి చూడొద్దు. తొండలు మెత్తటి పెంకు గుడ్లు మట్టిలో పాతిపెడతాయి.

రాళ్ళెత్తి చూడటం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. గ్రానైట్ మీద పొరలుగా లేచిన పలకలని ఎప్పుడూ ఎత్తకండి. అవి విరిగితే మళ్ళీ ఏర్పడవు, దాని కింద ఉన్న సన్నటి ఖాళీయే రాతి తొండకీ బల్లికీ ఇల్లు. నేల మీది విడి రాయి ఎత్తవలసి వస్తే వేళ్ళు కింద పెట్టకుండా, అవతలి అంచుని కొక్కెం కర్రతో పట్టి మీ వైపుకి లేపండి. రాయి మీకూ దాని కింద ఉన్నదానికీ మధ్య అడ్డంగా ఉంటుంది. కింద తేలు, కట్లపాము, పింజర, ఏదైనా ఉండొచ్చు. చూశాక జీవి మీద రాయి పడకుండా, అది పక్కకి తప్పుకున్నాక, ఎలా ఉన్న రాయిని అలాగే, అదే వైపుకి పెట్టండి. తిరగేసి వదిలేస్తే కింది తేమ ఆరిపోతుంది, ఆ చోటు కొంతకాలం పనికిరాదు. మే మధ్యాహ్నం రాళ్ళెత్తడం అసలే వద్దు, నీడ పోగొట్టుకున్న జీవి ఆ ఎండకి చచ్చిపోతుంది.

చీలమండ దాటిన బూట్లు, మందపాటి ప్యాంటు, 2 లీటర్ల నీళ్ళు, తోడు ఒకరు. పెద్ద బండల కింద కొండ తేనెటీగల పట్టు ఉందేమో ముందే తలెత్తి చూసుకోండి, పెర్ఫ్యూమ్ వేసుకుని వెళ్ళొద్దు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏదీ వద్దు. కరిచిన కాలు లేదా చెయ్యి కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేసి విషం విరుగుడు ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళాలి. రాత్రి గుట్టలకి ఒంటరిగా వెళ్ళక్కర్లేదు. బల్లుల పనంతా కాలనీ గోడలు, చెట్ల మీదే చేసుకోవచ్చు, సెక్యూరిటీకి ముందు చెప్పి.

చోట్ల విషయానికొస్తే, రాతి తొండలకి ఖాజాగూడ చాలు. కలోటిస్, నలికండ్ల పాములకి కేబీఆర్ పార్క్ నడకదారి అంచు. సితానా, ఆఫిసాప్స్‌లకి కట్టడాలు రాని బీడు నేలలు కావాలి, అవి ఏటేటా తగ్గిపోతున్నాయి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అవతలి మెట్టలు చూడండి. అడవి జీవులకి వికారాబాద్ అనంతగిరి గుట్టలు, నర్సాపూర్ అడవి. చిలుకూరు మృగవని, వనస్థలిపురం హరిణ వనస్థలి జాతీయ ఉద్యానాలు కాబట్టి దారి దిగకూడదు, పట్టుకోవడం, తేవడం నేరం. కొత్తవాళ్ళు ఇక్కడి బండలని కాపాడటానికి పనిచేసే సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళ రాక్ వాక్‌లో ఒకసారి తిరిగితే ఏ గుట్టకి ఏ దారిన ఎక్కాలో తెలుస్తుంది.

ఫొటోలు ఒక్కో జీవికి ఇన్ని కావాలి: దూరం నుంచి అది కూర్చున్న చోటుతో సహా ఒకటి, ఒళ్ళంతా తోక చివరిదాకా పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి, తల పక్కనుంచి దగ్గరగా ఒకటి, వెనక పాదం ఒకటి. మొదటిది దొరగ్గానే తీసేయండి, మిగతావి దొరికినన్ని. ఫోన్‌తోనైతే డిజిటల్ జూమ్ 3 రెట్లకి మించితే పొలుసులు కలిసిపోతాయి, దానికన్నా బైనాక్యులర్ కంటికి ఫోన్ ఆనించి తీసిన ఫొటో నయం. కొలత కోసం జీవి వెళ్ళిపోయాక అదే చోట పది రూపాయల నాణెం పెట్టి, మీరు నిలబడిన చోటు నుంచే మళ్ళీ ఒక ఫొటో తీయండి. నాణెం వ్యాసం 27 మి.మీ., రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి శరీరం పొడవు లెక్కకట్టవచ్చు. పొడవంటే మూతి నుంచి తోక మొదలు దాకా. తోక కలిపిన కొలత తెగిన తోకలతో పనికిరాకుండా పోతుంది.

ఐనాచురలిస్ట్‌లో పెట్టేటప్పుడు ఒకే జీవి ఫొటోలన్నీ ఒకే ఎంట్రీలో పెట్టండి. విడివిడిగా పెడితే ఒకదానికి ఒక పేరు, ఇంకోదానికి ఇంకో పేరు పడుతుంది. మీ విషయంలో జరిగింది కొంత ఇదే. యాప్ చూపించిన మొదటి పేరు నొక్కేయకుండా, మీరు ఫొటోలో కళ్ళతో చూసిన లక్షణం ఏ స్థాయి దాకా తీసుకెళ్తుందో అక్కడే ఆపండి. నోట్స్‌లో గంట, ఎండ ఉందా లేదా, నేల నుంచి ఎంత ఎత్తు, బండా బెరడా మట్టా, తోక అసలుదా మళ్ళీ మొలిచిందా, ఈ ఐదూ రాస్తే గుర్తించేవాళ్ళకి సగం పని అయిపోతుంది. వేప మీది బల్లి రోజూ దాదాపు అదే చోటికొస్తుంది కాబట్టి ఈ వారం రాత్రి 8 తర్వాత మళ్ళీ వెళ్ళి, వెనక పాదం, తోక మొత్తం తీసి పెట్టండి. మగదై, తొడ కింది రంధ్రాలు కూడా పడితే పేరు అప్పుడే తేల్చేద్దాం.